చంటిబిడ్డతో తొలి చలికాలపు పండుగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం, వరస సెలవులు, చుట్టాల రాకపోకలు, వీటన్నిటి నడుమ ఇంట్లో నెలల పసికందు. కొత్తగా తల్లిదండ్రులైనవారికి ఈ సమయంలో వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. జవాబులన్నిటి వెనుకా ఉన్న నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బిడ్డను పండుగకు సరిపెట్టాలని చూడకండి, పండుగనే బిడ్డకు సరిపడేంతగా కుదించుకోండి. ఇక్కడ రాసినవి నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టిన పిల్లల గురించి. నెలలు నిండకుండా పుట్టినా, గుండె లేదా ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నా మీ పిల్లల డాక్టరు చెప్పిందే పాటించాలి.

బిడ్డ పుట్టి మూడు వారాలే అయింది. అసలు ఈసారి పండుగ చేసుకోవచ్చా?

నిక్షేపంగా చేసుకోవచ్చు. కాకపోతే ఆ పండుగ మీ కోసం, ఇంట్లో మిగతావారి కోసం. బిడ్డకు దానితో పని లేదు. ఈ వయసులో 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం అది. గోడకు వేలాడదీసిన రంగుల దీపాలు వాళ్లకు మసక వెలుగు మాత్రమే. మనల్ని చూసి నవ్వే నవ్వు కూడా ఆరు వారాల ప్రాంతంలోనే మొదలవుతుంది.

రోజులో 16, 17 గంటలు నిద్ర, 8 నుంచి 12 సార్లు పాలు, మధ్యలో డైపర్లు. పండుగకు మిగిలే సమయం ఎంతో మీరే లెక్క వేసుకోండి. వంట, అలంకరణ, బహుమతులు, విందు, ప్రయాణం అన్నీ ఈసారి కుదరవు. వీటిలో ఏది లేకపోతే మీకు పండుగలా అనిపించదో అది ఒక్కటి ఉంచుకోండి. మిగతావి ఎవరైనా చేసిపెడితే సరే, లేకపోతే వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

చుట్టాలను రానివ్వవచ్చా? ఎంతమందిని?

రానివ్వవచ్చు, కానీ విడివిడిగా, కొద్దికొద్దిమందిగా. ఇరవై మంది ఒకేసారి ఇంట్లోకి రావడం కంటే ముగ్గురు చొప్పున వేర్వేరు రోజుల్లో రావడం మేలు. ఫ్లూ, ఆర్‌ఎస్‌వి వంటి వైరస్‌లు చలికాలంలోనే ఎక్కువగా విజృంభిస్తాయి. తలుపులు బిగించుకుని అందరం ఒక గదిలో కూర్చునేదీ అప్పుడే. పెద్దవాళ్లకు ముక్కు కారి నాలుగు రోజుల్లో తగ్గిపోయే అదే ఆర్‌ఎస్‌వి పసిపిల్లల సన్నటి శ్వాసనాళాల్లోకి దిగితే ఊపిరి ఆడనివ్వదు, ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు. మొదటి రెండు మూడు నెలలు మరీ జాగ్రత్తగా ఉండమనేది అందుకే.

దగ్గు, జలుబు, జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నవారు రాకూడదు. ‘కొంచెం గొంతు గరగరగా ఉంది, అంతే’ అన్నవారు కూడా. బడికి వెళ్లే పిల్లలు పాపం ప్రేమగానే వస్తారు, కానీ జలుబును వెంట తెచ్చేది ఎక్కువగా వాళ్లే. వాళ్లను దూరం నుంచి చూడనిచ్చి, పాదాలు తాకనిస్తే సంతోషిస్తారు.

వచ్చినవారు ముందు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. వాష్‌బేసిన్ దగ్గర శుభ్రమైన తువ్వాలు పెట్టి, ‘ముందు చేతులు కడుక్కుని రండి, తర్వాత ఎత్తుకోండి’ అని గుమ్మంలోనే చెప్పేస్తే ఇబ్బంది ఉండదు. బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాక చెబితే ఎవరికైనా మొహం మాడుతుంది. సిగరెట్ తాగేవారు బయట తాగి వచ్చినా పొగ వారి బట్టల మీద ఉంటుంది. చొక్కా మార్చుకోమని అడగడంలో తప్పు లేదు.

ముద్దు పెట్టవద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకోరా?

కొందరు నొచ్చుకుంటారు. అయినా చెప్పాలి. పెదవి మీద వచ్చే నీటిపొక్కులకు కారణమైన హెర్పిస్ వైరస్ పెద్దవాళ్లకు చిరాకు పుట్టించి ఊరుకుంటుంది. నెల లోపు పసికందుకు సోకితే ప్రాణం మీదకు వస్తుంది. పొక్కు పైకి కనిపించకపోయినా కొందరి లాలాజలంలో వైరస్ ఉండవచ్చు. మా రోజుల్లో ఇవన్నీ లేవు అనేవారికి ఇంతకంటే వివరణ అవసరం లేదు. వాదన పెంచుకుంటే పండుగ పూట మనసులు పాడవుతాయి, బిడ్డ బుగ్గ మాత్రం ఎలాగూ తడుస్తుంది.

చెప్పే పద్ధతిలోనే ఉంది ఉపాయం. మొదటిది, ఎవరి వైపు వాళ్లకు వాళ్లే చెప్పుకోవాలి. అత్తగారికి కోడలు చెబితే అది కోడలి పెత్తనం, కొడుకు చెబితే కొడుకు జాగ్రత్త. న్యాయం కాదు, కానీ లోకం తీరు అది. రెండోది, రాకముందే చెప్పాలి. ఫోనులో ఇలా పంపవచ్చు: ‘అందరూ వస్తున్నారని మాకు చాలా సంతోషంగా ఉంది. టీకాలు పూర్తయ్యే వరకు ముఖానికి, చేతులకు ముద్దులు వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఒంట్లో బాగోలేకపోతే ఈసారికి వీడియోలో చూడండి, మేము ఏమీ అనుకోము.’ నిజంగానే మీ డాక్టరును అడిగి ఆ మాట చెప్పించుకోండి, నింద ఆయన మోస్తారు. మూడోది, కాస్త నవ్వు కలపాలి. ‘పిన్నీ, పాదాలు నీకే వదిలేశాం, బుగ్గలు మాత్రం డాక్టరు గారి దగ్గర తాకట్టులో ఉన్నాయి’ అంటే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.

ఇంత చెప్పినా వినని మనిషి ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. ఆ ఒక్కరి కోసమే బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ ఉయ్యాల పనికొస్తుంది. మీ గుండెకు ఆనుకుని ఉన్న బిడ్డను లాక్కుని ఎత్తుకోవడానికి ఎవరూ సాహసించరు. అలా కట్టుకున్నప్పుడు బిడ్డ ముఖం మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, ముక్కు మీద గుడ్డ పడకూడదు.

బిడ్డకు ఫ్లూ టీకా వేయించవచ్చా? మిగతావారు ఏం వేయించుకోవాలి?

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. అందుకే చుట్టూ ఉండే పెద్దవాళ్లు వేయించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకున్నా బిడ్డకు కొంత రక్షణ అందుతుంది. కోరింత దగ్గు టీకా కూడా ముఖ్యం. బిడ్డను కలవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకుంటే పనిచేయడానికి సమయం దొరుకుతుంది. పండుగ ముందురోజు వేయించుకుని వచ్చి ఎత్తుకుంటానంటే లాభం లేదు.

చలికి ఎన్ని బట్టలు వేయాలి? అందరూ ఇంకా కప్పమంటున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు దొరికినంత సులువుగా ఇంట్లో శాంతి దొరకదు. లెక్క ఇది: అదే గదిలో మీకు హాయిగా ఉండటానికి ఎన్ని పొరలు కావాలో, బిడ్డకు వాటికి ఒక పొర ఎక్కువ. అంతే. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారు పడి మరో స్వెటర్ తొడిగేస్తారు. పసిపిల్లల చేతులు, కాళ్లు మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి. మెడ వెనుక లేదా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయింది. చెమట పట్టినా, ముఖం ఎర్రబడినా, ఒళ్లు కాలుతున్నా ఒక పొర తీసేయాలి.

చలి ప్రమాదమే, కానీ వేడెక్కడం అంతకంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. నిద్రలో అకస్మాత్తుగా పసిపిల్లలు చనిపోయే ముప్పును ఒళ్లు అతిగా వేడెక్కడం పెంచుతుంది. ఆ ముప్పు ఎక్కువగా ఉండేది 2 నుంచి 4 నెలల మధ్య. బయటి నుంచి వెచ్చని ఇంట్లోకి రాగానే టోపీ, పై కోటు తీసేయండి, నిద్ర చెడుతుందేమోనని ఆగవద్దు. ఇంట్లో పడుకోబెట్టినప్పుడు టోపీ అక్కరలేదు. పిల్లలు ఒంట్లోని వేడిని ఎక్కువగా తల నుంచే వదులుతారు.

వేరే ఇంట్లో రాత్రి ఉండాల్సి వస్తే ఎక్కడ పడుకోబెట్టాలి?

చదునుగా, గట్టిగా ఉండే పరుపు మీద, వెల్లకిలా, మీ గదిలోనే, తన సొంత పక్క మీద. పక్కలో దిండు, బొమ్మలు, వదులుగా ఉండే దుప్పటి ఉండకూడదు. చలిగా ఉంటే తొడుక్కునే నిద్రసంచి వాడండి. మడిచి వెంట తీసుకెళ్లే ఉయ్యాల మంచం ఉంటే మంచిది.

పండుగ ఇంట్లో అసలు ప్రమాదం సోఫా. బంధువులు ఎవరో ఎత్తుకుని సోఫాలో కూర్చుంటారు, విందు ఎక్కువై కునుకు పడుతుంది, బిడ్డ వాళ్ల చేతికీ మెత్తకీ మధ్య జారిపోతుంది. సోఫాలో, వాలు కుర్చీలో బిడ్డతో నిద్రపోవడం మంచం మీద కంటే చాలా ఎక్కువ ప్రమాదకరం. ఎత్తుకున్నవారి కళ్లు మూతలు పడుతున్నాయని కనిపిస్తే మర్యాద పక్కనపెట్టి బిడ్డను తీసుకోండి.

గది వెచ్చగా ఉంచడానికి హీటర్ పెట్టవచ్చా? బొగ్గుల కుంపటి?

కుంపటి వద్దే వద్దు. మూసిన గదిలో బొగ్గు, కట్టె కాలితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు హీటర్ పెట్టవచ్చు, కానీ బిడ్డ మంచానికి దూరంగా, బట్టలు తగలకుండా, గాలి నేరుగా బిడ్డ మీదకు కొట్టకుండా. పడుకునేముందు గదిని వేడి చేసి, తర్వాత ఆపేయడం నాకు నచ్చిన పద్ధతి.

కారులో దూరం వెళ్లాలి. ఏం చూసుకోవాలి?

బిడ్డను ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చోవద్దు. చంటిపిల్లల కోసం చేసిన, కారు వెనుకవైపుకు ముఖం ఉండేలా బిగించే సీటు కావాలి. చలికాలంలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మందపాటి కోటు తొడిగి, దాని మీద బెల్టు బిగిస్తే బిగుతుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఢీకొన్న క్షణంలో కోటులోని దూది అంతా అణిగిపోయి బెల్టు వదులవుతుంది, బిడ్డ జారిపోవచ్చు. కోటు తీసేసి, పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, ఆ పైన దుప్పటి కప్పండి. భుజం దగ్గర బెల్టును రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని చూడండి. మడత చిక్కితే ఇంకా బిగించాలి.

రెండు గంటలకు ఒకసారి ఆగండి. సీటులో ముడుచుకుని కూర్చుంటే చిన్న పిల్లలకు తల ముందుకు వాలి ఊపిరికి అడ్డం పడవచ్చు. ఆగినప్పుడు పాలు పట్టి, చదునుగా కాసేపు పడుకోబెట్టి బయలుదేరండి. ఇంటికి చేరాక ‘హాయిగా నిద్రపోతున్నాడు కదా’ అని సీటులోనే వదిలేయవద్దు. ఇలా ఆగుతూ వెళితే నాలుగు గంటల దారికి ఆరు గంటలు పడుతుంది. విందు సమయానికి చేరతామని ఎవరికీ మాట ఇవ్వకండి.

విమానంలో?

మొదటి వారంలో వద్దు. ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు నిండేవరకు వాయిదా వేయగలిగితే మంచిది. భయం విమానం వల్ల కాదు, చుట్టూ ఉండే జనం వల్ల. తప్పనిసరైతే ఎక్కేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు పాలు పట్టండి, మింగుతుంటే చెవుల మీద ఒత్తిడి తగ్గుతుంది. చిన్నపిల్లల వయసు, పత్రాల విషయంలో ఒక్కో విమాన సంస్థది ఒక్కో నియమం, టికెట్ కొనకముందే అడగండి.

రోజంతా బాగానే ఉన్నాడు, సాయంత్రం అందరూ వచ్చేసరికి గుక్క పట్టి ఏడుస్తున్నాడు. ఎందుకు?

రెండు కారణాలు కలుస్తాయి. ఆరు వారాల వయసు ప్రాంతంలో పిల్లల ఏడుపు సహజంగానే పతాక స్థాయికి చేరుతుంది, అది ఎక్కువగా సాయంత్రాలే. పైగా ఆ రోజు చేతులు మారడం, వెలుగు, మాటలు, కొత్త వాసనలు. ఇంత చిన్న పిల్లలు ఒక విడత 45 నిమిషాల నుంచి గంట వరకే మెలకువగా ఉండగలరు. ఆ సమయం దాటితే నిద్ర ముంచుకొచ్చినా నిద్రపోలేరు. ముఖం పక్కకు తిప్పుకోవడం, ఆవలించడం, వెక్కిళ్లు, వేళ్లు విడదీసి బిగుసుకోవడం, ఇవి ‘ఇక చాలు’ అనడానికి బిడ్డకు ఉన్న భాష. ఏడుపు వరకు ఆగనక్కరలేదు.

ఇంట్లో ఒక చీకటి గదిని ముందే సిద్ధం చేసుకోండి. ఎవరినీ అడగకుండా అందులోకి వెళ్లి తలుపు వేసుకోండి. సాయంత్రం పూట గంటగంటకూ పాలు అడగడం కూడా మామూలే, పాలు చాలడం లేదని అర్థం కాదు. ‘పాలు సరిపోతున్నట్టు లేవు’ అని పక్క నుంచి వచ్చే సలహాకు చిరునవ్వే తగిన జవాబు. బరువు పెరుగుతూ, మూత్రం బాగా పోస్తూ ఉంటే దిగులు అక్కరలేదు.

పండుగ కదా, నాలుకకు కాస్త తీపి రాయవచ్చా?

వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలు లేదా డబ్బాపాలు తప్ప మరేమీ, నీళ్లు కూడా, అవసరం లేదు. తేనె ఏడాది నిండేవరకు చుక్కయినా ఇవ్వకూడదు. అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబడేట్టు చేసే బోట్యులిజం అనే జబ్బు తేవచ్చు. మరిగించినా ఆ బీజాలు పోవు.

పాలిచ్చే తల్లి విందులో కొంచెం వైన్ తాగవచ్చా?

అసలు తాగకపోవడమే నిశ్చింత. ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకుంటే కనీసం రెండు గంటలు ఆగి పాలివ్వాలి. రక్తంలో మద్యం ఉన్నంతసేపు పాలలోనూ ఉంటుంది. పిండి పారబోసినంత మాత్రాన త్వరగా పోదు. ఆ రాత్రి తల్లి గానీ తండ్రి గానీ, తాగినవారు బిడ్డను పక్కలో వేసుకోకూడదు.

అలంకరణల్లో ఏం గమనించాలి?

కదల్లేని బిడ్డకు భయం తక్కువ. పాకే వయసు వచ్చిందంటే మాత్రం ఇల్లంతా నేల మట్టం నుంచి చూడాలి. ఒకసారి మోకాళ్ల మీద పాకి చూడండి. సోఫా కింద రాలిన మెరుపు కాగితం, క్రిస్మస్ చెట్టు కొమ్మ నుంచి ఊడిన గాజు బంతి ముక్క, వేలాడే తీగ అప్పుడు కళ్లబడతాయి. చెట్టును గోడకు కట్టండి.

నాకు అన్నిటికంటే భయం బటన్ బ్యాటరీలంటే. పాడే కార్డులు, మెరిసే బొమ్మలు, చిన్న రిమోట్లు, మంట లేని కొవ్వొత్తులు, వీటిలో ఉండే నాణెం లాంటి బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా ఇంట్లో చిట్కాలు చేయకుండా, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్యాటరీ మూతకు స్క్రూ లేని వస్తువు చేతికి అందనివ్వవద్దు.

బాణసంచా, పెద్ద సంగీతం?

పొగ, మోత రెండూ పడవు. కిటికీలు మూసి, లోపలి గదిలో ఉండండి. కొత్త సంవత్సరం అర్ధరాత్రి ఎలాగూ మీరు మెలకువగానే ఉంటారు, శుభాకాంక్షలు అక్కడి నుంచే చెప్పుకోవచ్చు.

బిడ్డకు బహుమతి ఏం ఇవ్వాలని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మొహమాటపడకుండా పెద్ద సైజు బట్టలు చెప్పండి. అందరూ అప్పుడే పుట్టిన పిల్లల సైజు తెస్తారు, అవి నెలలో బిగుతవుతాయి. ఆరు నెలల సైజు, ఏడాది సైజు అడగండి. డైపర్లు, వండిన భోజనం, ఒక పూట ఇల్లు ఊడ్చిపెట్టడం, ఇవీ బహుమతులే. ‘ఏమైనా సాయం కావాలా’ అన్నవారికి ‘అవును, ఆ బట్టలు ఆరేయండి’ అని చెప్పడం నేర్చుకోండి.

ఫోటోలు అందరూ తీసి పెట్టేస్తున్నారు. వద్దనవచ్చా?

వద్దనవచ్చు. బిడ్డ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి, ఇల్లు తెలిసేలా ఉన్న ఫోటోలు బయటపెట్టకపోవడం మంచిది. కుటుంబానికి మాత్రమే కనిపించే ఒక ఆల్బమ్ తయారు చేసి అందరినీ అందులో చేర్చితే తగువు ఉండదు. ఫ్లాష్ వల్ల కళ్లు పోతాయన్న భయం అవసరం లేదు, నిద్ర చెడుతుందన్న భయం చాలు.

పెద్దపిల్ల అలుగుతోంది. అందరూ తమ్ముడినే చూస్తున్నారని.

అలగడంలో న్యాయం ఉంది. పండుగలో తనకంటూ ఒక పని ఇవ్వండి. చేతులు కడుక్కోమని చుట్టాలకు చెప్పే అధికారం తనకే అప్పగిస్తే ఎంత నిక్కచ్చిగా చేస్తుందో చూడండి. వచ్చేవారితో ‘ముందు తనతో మాట్లాడండి’ అని ఫోనులోనే చెప్పి పెట్టండి.

అందరూ సంతోషంగా ఉన్నారు, నాకు మాత్రం ఏడుపు వస్తోంది. తప్పా?

తప్పు కాదు. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది జబ్బు, దానికి మందు ఉంది. సెలవులు అయ్యాక చూద్దామని ఆగకండి. మిమ్మల్ని మీరు గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకోవాలనిపిస్తే ఆ క్షణమే పక్కనున్నవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ఈ లక్షణాలు తండ్రుల్లోనూ ఉంటాయి.

ఇక శరీరం సంగతి. ఆపరేషన్ అయినవారు ఆరు వారాల పాటు బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. పండుగ గిన్నెలకూ ఇది వర్తిస్తుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి?

మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) లేదా అంతకు మించి జ్వరం ఉంటే వెంటనే వెళ్లాలి. ఇంట్లో మందు వేసి తగ్గుతుందేమో చూడవద్దు. ఊపిరి వేగంగా, ఎగపోతగా పీలుస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుంటున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు సగం కూడా తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా అంతే. సెలవు రోజుల్లో ఏ ఆసుపత్రిలో పిల్లల అత్యవసర విభాగం తెరిచి ఉంటుందో ఇప్పుడే కనుక్కుని, ఫోను నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

చుట్టాలంతా వచ్చేసరికి బిడ్డ గాఢ నిద్రలో ఉంది. లేపాలా?

పాల కోసమైతే లేపండి. పుట్టినప్పటి బరువును తిరిగి అందుకునేవరకు, అంటే సుమారు రెండు వారాలు, మూడు నాలుగు గంటలకు మించి ఆకలితో నిద్రపోనివ్వకూడదు. చుట్టాల కోసమైతే లేపకండి. వాళ్లకు టీ ఇవ్వండి, లేదా వాళ్లనే పెట్టుకోమనండి.